మూడు కమిటీల మెయిలు సర్వరు

సదానందాన్ని ఎవరైనా పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది. తిడితే ఇంకా మండుతుంది. పొగిడేవాళ్ళకు అతను చేసిన పని తెలియదు, తిట్టేవాళ్ళకు అతనికి జరిగింది తెలియదు. రెండూ దగ్గరుండి చూసిన ముసలివాణ్ణి నేనే కాబట్టి, రాసే పని నా మీద పడింది.

నా పేరు యేసుదానం. రామకృష్ణాపూర్‌లో ఒక బొగ్గుబాయి టైం ఆఫీసులో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా చేశాను. షిఫ్టుకు వచ్చినవాళ్ళ పేర్లు మస్టరు పుస్తకంలో రాయడం నా పని. రిటైరయ్యాక గోదావరిఖనిలో ఇల్లు కట్టుకున్నాను. సదానందం తండ్రి ఆగయ్య మా బాయిలోనే బొగ్గు ఎత్తే కోల్‌ఫిల్లరు. ముప్పై ఏళ్ళు అతని హాజరు నా చేత్తోనే వేశాను. కాకపోతే మస్టరులో అతని పేరు ఆగయ్య కాదు, పోశం.

బయటివాళ్ళకు చెబితే వింతగా చూస్తారు గాని, బాయిల మీద ఇది అందరికీ తెలిసిన సంగతే. 1974లో పోశం అనే అతనికి నౌకరి కాయితం వచ్చింది. ఒక్క షిఫ్టు దిగి, ఆ చీకటికి జడుసుకుని, జ్వరం తెచ్చుకుని ఊరికి పారిపోయాడు. వచ్చిన నౌకరి వదులుకోవడం ఎందుకని ఇంట్లోవాళ్ళు అతని బావ ఆగయ్యను పంపారు. ఆగయ్య వచ్చి పోశం హాజరు నంబరున్న బిళ్ళ తీసుకుని, పోశం దీపం పెట్టుకుని దిగాడు. ఇట్లా ఇంకొకరి పేరు మీద పనిచేసేవాళ్ళు ప్రతి బాయిలోనూ ఉండేవారు. మారుపేరోళ్ళు అనేవాళ్ళం. నాకు తెలుసు, ల్యాంపు రూములో తెలుసు, ఓవర్‌మన్‌కు తెలుసు. బొగ్గు ఎక్కితే చాలని అందరం నోరు మూసుకున్నాం. నేను మరీ గట్టిగా మూసుకున్నాను, ఎందుకంటే పుస్తకం నా దగ్గర ఉండేది.

2004లో ఆగయ్య ఊపిరితిత్తులు చెడి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. అట్లా దిగిపోయినవాళ్ళ కొడుక్కు నౌకరి ఇవ్వాలి, అది రూలు. సదానందం సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళాడు. అతన్ని బడిలో వేసింది ఊళ్ళో తాత. తాతకు బాయి సంగతులు తెలియవు, తండ్రి పేరు అడిగితే ఆగయ్య అనే రాయించాడు. అన్‌ఫిట్ అయింది పోశం కదా, నువ్వు ఆగయ్య కొడుకువి కదా, నీకెట్లా ఇస్తాం అన్నారు. అసలు పోశం పెళ్ళి కూడా చేసుకోకుండా ఎప్పుడో చనిపోయాడు. అడ్డం వచ్చేవాడు ఎవడూ లేడు, అయినా పని జరగలేదు. ముప్పై ఐదేళ్ళు దాటితే ఇక ఏ రూలూ పనిచేయదు. సదానందానికి 2011 జూన్‌లో ముప్పై ఐదు నిండుతాయి.

ఈలోగా అతను ఊరికే కూర్చోలేదు. లక్ష్మీనగర్‌లో ఒక మడిగె అద్దెకు తీసుకుని నెట్ సెంటరు పెట్టాడు. ముందు గదిలో నాలుగు కంప్యూటర్లు, వెనక గదిలో తడి గోనెపట్ట కట్టిన కిటికీ పక్కన ఒక సర్వరు. ఎవరూ నేర్పలేదు, పుస్తకాలు చూసి, చెడగొట్టుకుని, మళ్ళీ పెట్టుకుని నేర్చుకున్నాడు. ఒక జూనియర్ కాలేజీకి, ఒక నర్సింగ్ హోముకు వాళ్ళ వాళ్ళ పేర్లతో మెయిళ్ళు ఆ ఒక్క సర్వరు నుంచే పోయేవి. హైదరాబాదులో ఈ పని తెలిసినవాళ్ళకు కార్లు ఉన్నాయట. మన ఊళ్ళో మాత్రం అతను ఆగయ్య కొడుకు, ఇంకా నౌకరి రానివాడు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు ఆ సర్వరును చూసి, ఇది ఫ్రిజ్జా బాబూ అని అడిగిపోయారు. నేను కూడా చాలాసార్లు ఏడిపించాను. నవ్వేవాడు గాని ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

2011 జనవరిలో కబురు వచ్చింది. మారుపేర్ల కేసులు విచారించడానికి హైదరాబాదులో ఒక కమిటీ వేశారు. దరఖాస్తులు మెయిలు ద్వారానే పంపాలి, మార్చి ముప్పై ఒకటి గడువు. బ్రోకర్లు దూరి దొంగ దరఖాస్తులు పంపుతారని ఇంకో షరతు కూడా పెట్టారు. ఉచితంగా దొరికే మెయిలు ఐడీల నుంచి వస్తే తీసుకోరు, కార్మికుల సంఘం ఏదైనా నెట్‌లో డబ్బు కట్టి కొనుక్కున్న తన సొంత డొమైను పేరుతో పంపాలి. ఒక మెయిలుకు ఒక్క దరఖాస్తు. బాయిలో జీవితమంతా తట్ట మోసినవాళ్ళకు డొమైను ఎక్కడి నుంచి వస్తుందని ఆ షరతు రాసినవాడికి తోచలేదు కాబోలు.

అందరూ సదానందం దగ్గరికి పరుగెత్తారు. గోదావరిఖని, మందమర్రి, రామకృష్ణాపూర్, మూడు చోట్ల మూడు కమిటీలు లేచాయి. అందరూ కలిసి ఒకే పేరు మీద పంపుకోండి, పని సులువవుతుందని అతను చెప్పి చూశాడు. ఒకరి పేరు కింద ఇంకొకరు పోయే ప్రసక్తే లేదన్నారు. సరే, మూడు డొమైన్లు కొనుక్కోమన్నాడు. దరఖాస్తులు రాసే పని నాకు అప్పజెప్పారు. ఆఫీసు భాష వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరి పేరు మీద ఎవరు ఎన్నేళ్ళు పనిచేశారో నా చేత్తో మళ్ళీ రాయడం మొదలుపెట్టాను, ఈసారి నిజం పేర్లతో. రెండు నెలలు ఆ నెట్ సెంటరే నా ఆఫీసు.

అప్పుడే ఆ పని ఏమిటో నాకు కొంత తెలిసింది. మిషను ఒక్కటే, పేర్లు మూడు. అవతలి మిషను తలుపు తీయగానే మన మిషను ముందు తన సొంత పేరు చెప్పాలి. ఆ పేరు, టెలిఫోను లైను నంబరు ఒకదానికొకటి సరిపోవాలి. ఆ ఒక్క పేరు రాయించడానికే అతను టెలిఫోన్ల ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. తర్వాత ఏ కమిటీ ఉత్తరం ఆ కమిటీ పేరుతోనే పోయేట్టు, ఆ కమిటీ ముద్రతోనే పోయేట్టు సర్వరులో విడివిడిగా రాశాడు. ఒకదాని ముద్ర ఇంకోదాని మీద పడితే అవతలివాళ్ళు దొంగ ఉత్తరం అనుకుంటారట. ఇవన్నీ ఇంట్లో కూర్చుని చేసుకోగలిగినవి. చివరిది మాత్రం అతని చేతిలో లేదు. దాన్ని నాకు ఇట్లా చెప్పాడు.

"డొమైను కొన్నోడు దాని ఖాతా తెరిచి ఒక మాట రాసిపెట్టాలె కాకా. నా పేరు మీద ఫలానా మిషను ఉత్తరం వేస్తది, నమ్మున్రి అని. ఆ మాట లేకుంటే మనం ఎంత నిజం రాసినా దొంగలమే."

గోదావరిఖని వాళ్ళు రాయించారు. మందమర్రి వాళ్ళు రాయించారు. రామకృష్ణాపూర్ కమిటీ పెద్ద సదయ్య దగ్గర మాత్రం పని ఆగింది. బ్యాంకు కార్డు ఉన్నవాడు కదా అని సదయ్య తన మేనల్లుడితో డొమైను కొనిపించాడు. మేనల్లుడు తన పేరు మీద, తన మెయిలు మీద కొన్నాడు. ఫిబ్రవరిలో దుబాయి పోయాడు. అక్కడ పని దొరికిన చోట ఫోను ఎత్తనిస్తారో లేదో, పాస్‌వర్డు ఏమి పెట్టాడో దేవుడికే తెలియాలి. మారుపేర్ల బాధ తీర్చుకోవడానికి కొన్న డొమైను కూడా ఇంకొకడి పేరు మీదే కొన్నారు మా వాళ్ళు. నాకు ఆ రోజు నవ్వాలో సదయ్య నెత్తిన ఒకటి వేయాలో తెలియలేదు.

గడువు ఐదు రోజులు ఉందనగా సదానందం రామకృష్ణాపూర్ వాళ్ళను పిలిచాడు. నలభై రెండు దరఖాస్తులు వాళ్ళవి. అందులో ఒకటి అతనిదే, ఎందుకంటే ఆగయ్య పనిచేసింది అక్కడి బాయిలో. వాళ్ళ డొమైను పేరుతో తన యాహూ ఐడీకి ఒక మెయిలు పంపి చూపించాడు, అది చెత్త డబ్బాలో పడింది. హైదరాబాదు కమిటీ వాళ్ళకు పంపినా ఇట్లాగే పడుతుంది, ఎవరూ చూడరు, మీవి గోదావరిఖని కమిటీ పేరు మీద పంపుతాను, ఒప్పుకోండి అని అడిగాడు. గోదావరిఖని వాళ్ళను అప్పటికే ఒప్పించి ఉంచాడు కూడా.

సదయ్య నీళ్ళు నమిలాడు. వెనక బల్ల మీద కూర్చున్న సారవ్వ లేచింది. ఆమె మొగుడు కూడా మారుపేరు మీద చేసి, కప్పు కూలి బాయిలోనే పోయాడు. చావు కాయితం మీద కూడా అతని పేరు లేదు. కూతురు రమకైనా నౌకరి వస్తుందని ఏడేళ్ళుగా తిరుగుతోంది.

"ఆయన ముప్పై ఏండ్లు ఇంకోని పేరు మోసిండు. సచ్చినంక గూడ ఆ పేరే రాసిన్రు. ఇగ నా కాయితం గూడ ఇంకోని పేరు మీదనే పోవాల్నా బిడ్డా?"

ఆ చావు కాయితానికి వివరాలు ఇచ్చింది మా ఆఫీసే. పోతే మా పేరు మీదనే పోతయి, లేకుంటే లేదు అని అందరూ ఒక్కమాట మీదికి వచ్చారు. సదానందం ఇంకో రెండుసార్లు చెప్పి చూశాడు. గట్టిగా చెప్పలేకపోయాడు. ఇంకోడి పేరు మీద బతికిన ఇంట్లో పుట్టినవాడు ఆమెకు ఎదురు ఎట్లా చెబుతాడు? అతని స్థానంలో నేనుంటే నేనూ చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం, కాళ్ళు పట్టుకునైనా చెప్పవలసింది అనిపిస్తుంది.

మార్చి ముప్పైన, కరెంటు కోతకు ముందు, పొద్దున పది గంటలకు మొదలుపెట్టి మూడు కమిటీల దరఖాస్తులూ పంపాడు. నేను పక్కనే కూర్చుని పేర్లు చదివాను. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా తెర మీద పోయిందని ఒక వరస పడేది. రామకృష్ణాపూర్‌వి కూడా అన్నీ పోయినట్టే పడింది. నేను సంతోషపడ్డాను. అవతలి మిషను తీసుకున్నదని మాత్రమే దానికి అర్థం కాకా, మనిషి చూసిండని కాదు అన్నాడు. అయినా ఆ రోజు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను.

ఏప్రిల్ నెలాఖరుకు జాబితా వచ్చింది. గోదావరిఖనివి అన్నీ ఉన్నాయి. మందమర్రివి అన్నీ ఉన్నాయి. రామకృష్ణాపూర్ కమిటీ పేరే లేదు. ఆ నలభై రెండింటిలో ఒక్కరికి మాత్రం విచారణ తేదీ పడింది. సదానందం, తండ్రి ఆగయ్య.

నేను గుమాస్తాను. జాబితాలో పేరు కంటే ముందు నా కన్ను నంబరు మీద పడుతుంది. అతని దరఖాస్తు నంబరు గోదావరిఖని వరసలో, అందరికంటే చివర ఉంది. మడిగెకు పోయి ఆ కాయితం బల్ల మీద పెట్టాను. అడగకుండానే చెప్పాడు. మార్చి ముప్పైన నేను భోజనానికి ఇంటికి పోయినప్పుడు, తన దరఖాస్తు ఒక్కటి తీసి, గోదావరిఖని కమిటీ పేరుతో రెండోసారి పంపుకున్నాడు. అది నేరుగా చేరింది.

నా నోటికి వచ్చినట్టు తిట్టాను. నలభై ఒక్క ఇళ్ళ కాయితాలు చెత్తలో పడతాయని తెలిసి, నీదొక్కటి దాటించుకున్నావు, అదే పని వాళ్ళకు చెప్పకుండా చేసి ఉంటే వాళ్ళకు అన్నం దొరికేది కదా అన్నాను.

"వాళ్ళు వద్దన్నరు కాకా. నేను వద్దనలే. జూన్‌ల నాకు ముప్పై ఐదు" అన్నాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు, న్యాయమూ కాదు. అదే రోజు మిగతా నలభై ఒక్కటీ గోదావరిఖని పేరుతో పంపాడు, నా కళ్ళ ముందే. గడువు ముగిసిందని ఒక గంటలో నలభై ఒక్క జవాబులు వచ్చాయి. ఈసారి అవతలివాళ్ళకు మా ఉత్తరాలు ఎంత బాగా కనపడ్డాయో.

సారవ్వ కూతుర్ని తీసుకుని రెండు రోజుల తర్వాత వచ్చింది. వేరే ఎవరో చెప్పేలోగా తానే చెప్పాలనుకున్నాడో ఏమో, సదానందం అంతా చెప్పేశాడు. ఏమీ దాచుకోలేదు. ఆమె తిడుతుందని నేను అనుకున్నాను, తిడితే బాగుండేది.

"నువ్వు గూడ మాతోనే ఉంటవనుకున్న కొడుకా" అని లేచి వెళ్ళిపోయింది. రమ వెనక్కి తిరిగి సర్వరున్న గది వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత రామకృష్ణాపూర్ నుంచి ఒక్కరూ ఆ మడిగె మెట్లు ఎక్కలేదు. సదయ్య, ఎవడి మేనల్లుడి వల్ల ఇదంతా జరిగిందో ఆ పెద్దమనిషి, బస్టాండులో నిలబడి సదానందాన్ని దొంగ అని అరిచాడు. తెలంగాణ వస్తే ఈ కేసులన్నీ మళ్ళీ తీయిస్తామని ఒక లీడరు వాళ్ళను సముదాయించాడు. తెలంగాణ వచ్చింది. సారవ్వ అప్పటికి లేదు.

విచారణ మే నెలలో, గోదావరిఖనిలోనే, ఒక ఆఫీసు పై అంతస్తులో. సదానందం పది రోజులు తండ్రిని కూర్చోబెట్టి చెప్పించాడు. ఏ సంవత్సరం చేరావు, ఏ బొగ్గు సీములో చేశావు, నీ మేనేజరు ఎవరు, ఏ దవాఖానలో అన్‌ఫిట్ చేశారు. దగ్గుతో మాట ఆగిపోతున్నా ముసలాయన అన్నీ తడుముకోకుండా చెప్పేవాడు. నేను సాక్షిని. ఇతనూ మస్టరులో ఉన్న పోశమూ ఒకరేనని, ఇతని అసలు పేరు ఆగయ్య అని, నాకు తెలిసే తప్పు పేరు రాశానని ఒప్పుకుంటూ సంతకం పెట్టి ఇచ్చాను. కంపెనీ పెన్షను ఆపితే ఆపుకోనీ అని మా ఆవిడ సుగుణమణితో చెప్పే బయల్దేరాను. ముప్పై ఏళ్ళకు ఒక్కసారి మంచి గుమాస్తాననిపించుకోవాలనుకున్నాను.

లోపల ముగ్గురు ఆఫీసర్లు, ఒక టేబులు, టేబులు మీద నా పాత మస్టరు పుస్తకాలు. నీలం అట్టలు చూడగానే గుర్తుపట్టాను. విచారణలో చెప్పిన మొదటి జవాబే రాసుకుంటామని, దిద్దుకోవడం ఉండదని, నేర్పించి తెచ్చిన జవాబులు చూసి చూసి విసిగిపోయామని నడి కుర్చీలో ఆయన ముందే చెప్పాడు. సదానందం తల ఊపాడు. తండ్రి ఎప్పుడో సిద్ధంగా ఉన్నాడు.

"నీ పేరు?"

ఆగయ్య కుర్చీలోంచి లేచాడు. కంపెనీ టేబులు ముందు అతను అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు. చేతులు కట్టుకుని, నిటారుగా నిలబడి, దగ్గు రాకుండా ఊపిరి బిగబట్టి, గట్టిగా చెప్పాడు.

"పోశం సార్. బిళ్ళ నంబరు నాలుగు వందల పదిహేడు."

సదానందం తండ్రికి అన్నీ చెప్పించాడు, పేరు మాత్రం చెప్పించలేదు. తండ్రికి తన పేరు చెప్పడం నేర్పాలని ఏ కొడుక్కు తోస్తుంది? నేను లేచాను. అయ్యా, ముప్పై ఏళ్ళ అలవాటు, టేబులు ముందు నిలబడితే ఆయన నోటికి అదే వస్తుంది, ఆయన ఆగయ్యే అన్నాను. ఆఫీసరు నన్ను కూర్చోమనలేదు, కసరలేదు కూడా. ఒక మస్టరు తెరిచి నా వైపు తిప్పి, ఈ చేతిరాత మీదేనా అని అడిగాడు. నాదే. ఇక్కడ పోశం అని ఉంది కదా, ఆయనా అదే చెప్పాడు కదా, రెండూ సరిపోయాయి కదా అన్నాడు. నేను ఇచ్చిన సాక్ష్యం కాయితం కంటే ముప్పై ఏళ్ళ నా రాతే బరువైంది.

హాజరైన వ్యక్తి పేరు పోశం, రికార్డుతో సరిపోయింది. దరఖాస్తుదారుడు ఆగయ్య కొడుకు, ఇతనితో సంబంధం రుజువు కాలేదు. ఇంగ్లీషులో రెండు వరసలు రాసి, ఆగయ్య ముందుకు జరిపారు. ఆయనకు చదువు రాదు. బొటనవేలు సిరాలో అద్ది శ్రద్ధగా వేశాడు. సదానందం ఆ రెండు వరసలూ చదివాడు. ఫైలు మూసి, తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

షేర్ ఆటోలో ముగ్గురం ఒక సీటులో ఇరుక్కుని కూర్చున్నాం. ఆగయ్య మొహం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళకు కంపెనీ తనను పిలిచి, కూర్చోబెట్టి, అడిగి, రాసుకుంది. చౌరస్తా దాటాక కొడుకు మోకాలు మీద చెయ్యి వేశాడు.

"నేను మంచిగనే చెప్పిన గద బిడ్డా?"

"మంచిగనే చెప్పినవు బాపు" అన్నాడు సదానందం.

ముసలాయన నమ్మలేదేమో, నా వైపు కూడా చూశాడు. అవునని నేనూ తల ఊపాను.